వెనక లైటు ఎవరి కోసం?

హెడ్‌లైటు ఒకటి పోతే ఆ రాత్రే తెలిసిపోతుంది. దారి సగం చీకటవుతుంది, గుంత కనపడదు, కళ్లు లాగుతాయి. మర్నాడు పొద్దున్నే కారు మెకానిక్ షెడ్డు ముందు ఉంటుంది. వైపర్ ఆగినా, హారన్ మూగబోయినా, ఏసీ చల్లగా రాకపోయినా అంతే. వెనక లైటు సంగతి అలా కాదు. అది పోయినా కారు ఎప్పటిలాగే పోతుంది. స్టీరింగ్ బరువెక్కదు, మైలేజీ పడిపోదు, ఇంజిన్ చప్పుడు మారదు. చాలా కార్లలో దాని గురించి డ్యాష్‌బోర్డు మీద చిన్న గుర్తు కూడా వెలగదు. నడిపే మనిషికి తప్ప వెనక వచ్చే అందరికీ కనిపించే లోపం అది. అందుకే నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఈ అధ్యాయం ఆ బల్బును ఇంటి దగ్గరే, సొంత చేతులతో మార్చుకోవడం గురించి. వ్యక్తిత్వ వికాసానికీ కారు బల్బుకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. మనల్ని ఇబ్బంది పెట్టే లోపాన్ని సరిచేసుకోవడానికి వ్యక్తిత్వం అక్కర్లేదు, ఇబ్బందే ఆ పని చేయిస్తుంది. పంటి నొప్పి ముదిరితే ఎంత బద్ధకస్తుడైనా డాక్టరు దగ్గరికి వెళతాడు. కానీ మన లోపం వల్ల నష్టం ముక్కూముఖం తెలియని మనిషికి జరిగేటప్పుడు, ఆ కబురు మనదాకా వచ్చే దారే లేనప్పుడు, దాన్ని మనంతట మనమే వెతికి పట్టుకుంటామా లేదా అన్నది వేరే ప్రశ్న. మన బాత్రూం నేల కారితే చెమ్మ కింది ఫ్లాటు పైకప్పుకు దిగుతుంది, మన ఇల్లు పొడిగానే ఉంటుంది. ఆఫీసులో మనం ఆపిన కాగితం వల్ల ఎవరి పింఛను ఆగిందో మన బల్ల దగ్గర కనపడదు. ఇలాంటి బాధ్యతలు ఉపన్యాసాలు వింటే అలవాటు కావు. ఒక వస్తువును పట్టుకుని, దానికి ఒక అలవాటు కట్టి, చేత్తో చేసి నేర్చుకోవాలి. అందుకు వెనక లైటు కంటే మంచి వస్తువు నాకు కనిపించలేదు. పని చిన్నది, ఖర్చు చిన్నది, లాభం మాత్రం మొత్తం వెనక వచ్చేవాడిది.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న రోడ్డునే తీసుకుందాం. ఒకప్పటి 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 65. జనం నోట మాత్రం అప్పుడూ ఇప్పుడూ విజయవాడ రోడ్డే. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు, పైన వంతెన. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో మొదలైంది కానీ కింద రోడ్డు ఖాళీ కాలేదు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి స్టేషన్ల మెట్ల దగ్గర ఆటోలు ఆగుతాయి, బస్సు వచ్చిందంటే జనం రోడ్డు మీదికి వస్తారు, బట్టల షాపుల ముందు కార్లు ఉన్నట్టుండి పక్కకు తిరుగుతాయి. కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు బయటికొచ్చే వేళ, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఇళ్లకు పోయేవాళ్ల వేళ ఒకటే. చలికాలం మొదట్లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. ఆ రద్దీలో కారుకూ కారుకూ మధ్య ఉండే ఖాళీ ఒక స్కూటీ పట్టేంత. ఆ ఖాళీలో నిజంగానే ఒక స్కూటీ ఉంటుంది. దాని మీద ఉన్నవాళ్లకు మీ కారు ముందున్నది ఏదీ కనపడదు. బస్సు ఆగిందో, ఆటో అడ్డం వచ్చిందో వాళ్లకు చెప్పేది మీ బ్రేక్ లైటు ఒక్కటే. అది వెలగకపోతే మీరు ఆగిన సంగతి వాళ్లకు మీ బంపరు తగిలాకే తెలుస్తుంది. మీ కారుకు గీత పడుతుంది. బండి మీదున్న మనిషి పక్క వరుసలోకి పడతాడు, ఆ వరుసలో వెనక బస్సు వస్తూ ఉంటుంది.

ఇదే రోడ్డు ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి, హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డు కిందుగా పోయాక మరో రోడ్డవుతుంది. ఊరు లేని చోట వీధి దీపాలుండవు, వేగం మాత్రం పెరుగుతుంది. బల్బు దిల్‌సుఖ్‌నగర్‌లో పోతుంది, దాని లోటు చౌటుప్పల్ దగ్గర బయటపడుతుంది. మెట్రో స్తంభాల మధ్య అంగళ్ల వెలుతురులో మీ వెనక ఒక లైటు లేదని ఎవరూ పట్టించుకోరు, మీరూ పట్టించుకోరు. సంక్రాంతికి ఎల్‌బీ నగర్ నుంచి బారులు తీరి వెళ్లే కార్లలో ఏడాదంతా ఆఫీసుకీ ఇంటికీ తప్ప తిరగనివి చాలా ఉంటాయి. రాత్రి పూట, చీకటి రోడ్డు మీద, పిల్లలూ పెద్దలూ కూర్చుని ఉండగా, అదే వాటికి ఏడాదిలో మొదటి దూర ప్రయాణం. తెల్లవారుజామున చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర మంచు కమ్మితే ముందు బండిని చూపించేవి ఆ రెండు ఎర్ర చుక్కలే.

రెండు చుక్కలు అన్న మాట ఊరికే అనలేదు. చీకట్లో ముందున్న బండి ఎంత దూరంలో ఉందో, దానికి మనం ఎంత త్వరగా దగ్గరవుతున్నామో కన్ను తేల్చుకునేది ఆ రెండు దీపాల మధ్య ఎడం చూసే. దగ్గరవుతున్న కొద్దీ ఎడం పెరుగుతుంది, మెదడు కాలిని బ్రేకు మీదికి పంపుతుంది. ఒక దీపం పోతే ఎడమే ఉండదు. ఒంటి చుక్క పెరిగినట్టు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఎడమ దీపం మాత్రమే వెలుగుతున్న కారు వెనక నుంచి చూస్తే రోడ్డు అంచున పోతున్న మోటార్ సైకిల్‌లా కనిపిస్తుంది. వెనకవాడు దానికి కుడి పక్క నుంచి దాటిపోవచ్చని అనుకుంటాడు. అక్కడ మీ కారు మిగతా సగం ఉంటుంది. అందుకే, రెండో లైటు ఉంది కదా, సగం ప్రమాదమే కదా అన్న లెక్క తప్పు. ఒక దీపం పోయిన కారు తన గురించి అబద్ధపు సమాచారం ఇస్తుంది.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు; 155 మీటర్లంటే ఏడు సెకన్లు. ఆ వేగంలో ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు, అంటే 33 నుంచి 44 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినా ఆగడానికి ఇంకో 35 మీటర్ల పైనే కావాలి. మొత్తం డెబ్బై, ఎనభై మీటర్లు. నియమం అడిగే 155 మీటర్లలో దానికి తోడు కొంత వెసులుబాటు ఉంది: తడి రోడ్డుకు, అలసిన కంటికి, అరిగిన టైరుకు.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. వెనక బండికి హెడ్‌లైట్లు ఉంటాయి కదా, ఆ వెలుతురులో నా కారు కనపడదా? కనపడుతుంది, ఆలస్యంగా. ఎదురు బండ్ల కళ్లు చెదరకుండా లైటు దించుకుని నడిపేవాడికి ముందు నలభై, యాభై మీటర్లకు మించి నల్లటి కారు స్పష్టంగా తెలియదు. ఆగడానికి కావలసినవి డెబ్బై, ఎనభై. ఆ తేడాలోనే ప్రమాదం ఉంది. కారు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా ఉంటాయి, నిజమే. అవి శుభ్రంగా ఉండి, వెలుతురు నేరుగా పడితే బాగానే మెరుస్తాయి. కానీ వాటికి సొంత వెలుగు లేదు, బ్రేకు వేసినప్పుడు అవేమీ చెప్పవు, ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ల పనుల నాటి దుమ్ము పట్టి ఉంటే అసలు మెరవవు. ఊళ్లో వీధి దీపాలున్నాయన్న మాటకు జవాబు పైనే చెప్పుకున్నాం: ఊళ్లోనే తిరిగే కారుకైనా బ్రేక్ లైటు చేసే పని వీధి దీపం చేయలేదు. వీధి దీపం మీ కారును చూపిస్తుంది. మీరు ఆగుతున్నారని చెప్పదు.

మూడో బ్రేక్ లైటు ఉంది కదా అంటారు కొందరు, వెనక అద్దం దగ్గర ఎత్తులో ఉండేదాన్ని చూపించి. ఆ లైటు చరిత్రే మన వాదానికి బలం. అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ 1998లో వేసిన దీర్ఘకాలపు అంచనా ప్రకారం వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలు దానివల్ల 4.3 శాతం తగ్గాయి. మొదట్లో పెట్టుకున్న ఆశ అంతకంటే చాలా ఎక్కువ; జనానికి అలవాటయ్యే కొద్దీ ప్రభావం తగ్గింది. అయినా రెండు లైట్లు బాగా పనిచేస్తున్న కార్లకు ఇంకొకటి చేర్చినందుకే అంత మేలు జరిగితే, ఉన్న రెండింట్లో ఒకటి పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. పైగా ఆ మూడో లైటు బ్రేకు తొక్కినప్పుడే వెలుగుతుంది. చీకటి రోడ్డు మీద మామూలుగా సాగిపోతున్నంత సేపూ అది ఆరిపోయే ఉంటుంది. మన దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రమాదాల్లో దాదాపు అయిదో వంతు వెనక నుంచి గుద్దినవి. వేగం, నిద్రమత్తు, తాగి నడపడం కూడా వాటికి కారణాలే, అన్నీ బల్బు మీద వేయలేం. కానీ ఆ కారణాల్లో అరగంటలో, వంద రూపాయల లోపు ఖర్చుతో, మెకానిక్ సాయం లేకుండా పూర్తిగా తీసేయగలిగింది ఇదొక్కటే.

ఇక బల్బు దగ్గరికి వద్దాం. పాత పద్ధతి బల్బులున్న చాలా కార్లలో వెనక ఎర్ర గాజు వెనకాల ఉండేది ఒకే బల్బు, లోపల రెండు తీగలు. ఒకటి 5 వాట్లది, రాత్రి లైటు వేసినప్పుడు వెలిగేది. రెండోది 21 వాట్లది, బ్రేకు తొక్కినప్పుడు వెలిగేది. నాలుగు రెట్ల పైనున్న ఆ తేడాయే వెనకవాడికి కబురు. షాపులో దీన్ని డబుల్ కాంటాక్ట్ బల్బు అంటారు, అడుగున రెండు సీసపు చుక్కలుంటాయి. ఇండికేటర్‌కూ రివర్స్ లైటుకూ ఒక తీగ ఉన్న సింగిల్ కాంటాక్ట్ బల్బు, నంబర్ ప్లేటుకు చిటికెన వేలి కొనంత క్యాప్‌లెస్ బల్బు. అన్నీ 12 వోల్టులే. తీగ టంగ్‌స్టన్‌ది. వెలిగినంత కాలం అది కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపలి పక్కన నల్లగా పేరుకుంటుంది, తీగ సన్నబడుతుంది. స్పీడ్ బ్రేకర్ల కుదుపు, డిక్కీ మూత దబ్బున వేసినప్పటి అదురు దాన్ని బలహీనం చేస్తాయి. చల్లగా ఉన్న తీగకు నిరోధం తక్కువ కాబట్టి స్విచ్ వేసిన క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. సన్నబడ్డ తీగ చాలాసార్లు ఆ క్షణంలోనే తెగుతుంది. అంటే బల్బు పోవడం ఎవరి నిర్లక్ష్యం వల్లా కాదు. అది అరిగే వస్తువు, చెప్పుల్లా. అరిగిందని చూసుకోకపోవడం ఒక్కటే మన తప్పు.

పాన తీసే ముందు ఆలోచించాలి, ఈ పనిలో నిజమైన శిక్షణ అక్కడే ఉంది. ఒక పక్క బ్రేక్ లైటు మాత్రమే పోతే దోషం ఆ పక్క బల్బుదో హోల్డరుదో. రెండు పక్కలా, మూడోదీ కూడా ఒకేసారి పోతే మూడు బల్బులు ఒకే రోజు తెగడం అరుదు కాబట్టి ఫ్యూజునో, బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్‌నో అనుమానించాలి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందంటే ఎర్తు సరిగ్గా లేదు; కరెంటు తిరిగి పోవడానికి తన దారి మూసుకుపోయి పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. ఇండికేటర్ టకటకమని మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే ఆ పక్క ఒక బల్బు తెగింది. ఇండికేటర్ విషయంలో కారే మనకు కబురు చెబుతుంది. బ్రేక్ లైటు విషయంలో చెప్పదు. లక్షణం చూసి కారణం దాకా వెనక్కి నడవడం, అన్నిటికంటే తేలికైన కారణాన్ని ముందు పరీక్షించడం, ఊహ తప్పితే ఒప్పుకుని రెండోదానికి పోవడం: ఇంతే పద్ధతి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు చదివే వేలమంది పిల్లలు 12 వోల్టుల దగ్గర 21 వాట్ల బల్బు ఎంత కరెంటు తీసుకుంటుందన్న లెక్కను అర నిమిషంలో చేసేస్తారు. జవాబు 1.75 ఆంపియర్లు. ఆ అంకెను ఒక వేడి బల్బుతో, ఒక ఫ్యూజుతో కలిపి చూసినవాడికి అది పరీక్ష తర్వాత కూడా గుర్తుంటుంది.

పగటి వెలుతురులో, సమంగా ఉన్న చోట, కారు ఆపి హ్యాండ్ బ్రేకు వేసి, లైట్లన్నీ ఆర్పి, తాళం చెవి బయటికి తీయండి. అప్పటిదాకా లైట్లు వెలిగి ఉంటే కాసేపు ఆగండి, 21 వాట్ల బల్బు వేలు కాల్చగలదు. గ్లవ్‌బాక్సులో ఉండే కారు పుస్తకం తీసి చూస్తే ఏ దీపానికి ఎన్ని వాట్ల బల్బో రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ చదివితే సగం భయం పోతుంది. చాలా హ్యాచ్‌బ్యాక్ కార్లలో డిక్కీ మూత ఎత్తితే లైటు పక్క అంచున రెండు స్క్రూలో, బోల్టులో కనిపిస్తాయి. వాటిని తీసి ఒక గిన్నెలో వేసుకోండి, నేల మీద పెడితే ఒకటి పారిపోతుంది. తర్వాత లైటును రెండు చేతులా పట్టుకుని నేరుగా వెనక్కి, అంటే మీ వైపు లాగాలి. బయటి పక్కన ప్లాస్టిక్ మేకులు ఇరుక్కుని ఉంటాయి, పక్కకు వంచి లాగితే విరిగేవి అవే. సెడాన్లలో ఎక్కువగా డిక్కీ లోపలి నుంచి, పక్కనున్న కార్పెట్ మడత తొలగించి చెయ్యి పెట్టాలి. లైటు చేతికి వచ్చాక వెనక హోల్డరును ఎడమకు, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే ఊడుతుంది. అందులోని బల్బును కొంచెం లోపలికి నొక్కి మళ్లీ ఎడమకే తిప్పి తీయాలి. క్యాప్‌లెస్ అయితే నేరుగా లాగితే చాలు.

పాత బల్బును పారేయకుండా షాపుకు పట్టుకెళ్లండి. పుత్లీబౌలి దాకా, రాణిగంజ్ దాకా పోనక్కర్లేదు. ఏ పేటలోనైనా ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే సరుకిది. మాటల్లో చెప్పడం కంటే వస్తువు చూపించడం మేలు, ఎందుకంటే చూడటానికి ఒకేలా ఉన్న బల్బులకు పక్కనుండే చిన్న మేకుల ఎత్తులో తేడా ఉంటుంది. డబుల్ కాంటాక్ట్ బల్బుకు ఒక మేకు పైన, ఒకటి కింద ఉండేది అందుకే: ఒక్క తీరుగానే దిగాలని, 5 వాట్ల చోట 21 వాట్ల తీగ వెలగకూడదని. దిగకపోతే బలవంతం చేయకండి, సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి. హోల్డరు లోపల ఆకుపచ్చగానో తెల్లగానో తుప్పు పట్టి ఉంటే సన్నటి ఉప్పు కాగితంతో రుద్ది తుడవాలి. కొత్త బల్బు వేసినా వెలగలేదని చాలామంది కంగారు పడేది ఇక్కడే. గాజును వేళ్లతో ముట్టకూడదన్న మాట హెడ్‌లైటు హాలోజన్ బల్బు గురించి, దాని వేడికి వేలి జిడ్డు పడిన చోట గాజు దెబ్బతింటుంది. వెనక బల్బుకు అంత పట్టింపు లేదు, శుభ్రమైన గుడ్డతో పట్టుకుంటే సరిపోతుంది. లైటును తిరిగి బిగించక ముందే స్విచ్ వేసి, ఇంట్లో ఒకరిని బ్రేకు తొక్కమని చూసుకోండి. రబ్బరు గాస్కెట్ తన గాడిలో సరిగ్గా కూర్చుంటేనే వానాకాలంలో నీళ్లు లోపలికి పోవు. స్క్రూలు బిగువుగా ఉంటే చాలు. బలమంతా చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. ఒక పక్క తెగిందంటే రెండో పక్కది కూడా అదే వయసుది, రెండూ కలిపి మార్చడం మంచిది. ఎర్ర గాజు పగిలి తెల్ల వెలుతురు బయటికి వస్తుంటే బల్బు మార్చినా లాభం లేదు, గాజుతో సహా లైటు మార్చాలి. వెనక తెల్ల వెలుతురంటే రోడ్డు మీద ఒకటే అర్థం, బండి వెనక్కి వస్తోందని.

ఇంత శ్రమ ఎందుకు, మూలమీది మెకానిక్ అన్న పది నిమిషాల్లో వేసి పెడతాడు కదా అన్నది బలమైన అభ్యంతరం. అతని దగ్గరికి ఈ రోజే వెళ్లేట్టయితే నాకేమీ పేచీ లేదు. కానీ లోటు అతని చేతిపనిలో లేదు, మన వాయిదాలో ఉంది. సిగ్నల్ దగ్గర పక్క బండి అబ్బాయి "అన్నా, మీ బ్రేక్ లైటు పోయింది" అని చెప్పిన రోజుకూ, కారు మెకానిక్ దగ్గర నిలబడిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడుస్తాయో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి. ఒక బల్బు కోసం ప్రత్యేకంగా వెళ్లడం ఎందుకు, సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు చూద్దాం అనుకుంటాం. సర్వీసింగ్ మూడు నెలల తర్వాత ఉంటుంది. గ్లవ్‌బాక్సులో ఒక డబుల్ కాంటాక్ట్, ఒక సింగిల్ కాంటాక్ట్ బల్బు, ఒక స్క్రూడ్రైవర్, మీ కారుకు సరిపడే పాన ఉంటే ఆ మూడు నెలలు అరగంటకు కుదించుకుపోతాయి. మెకానిక్ పని మెకానిక్‌దే: వైర్లు కాలిన వాసన వచ్చినా, కొత్త ఫ్యూజు వెంటనే కొట్టేసినా, హోల్డరు కరిగినా ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాలి. కొట్టేసిన ఫ్యూజు చోట పెద్ద ఫ్యూజో, వైరు ముక్కో పెట్టడం కారుకు నిప్పు పెట్టే పని. ఎక్కడి దాకా మన చెయ్యి, ఎక్కడి నుంచి తెలిసినవాడి చెయ్యి అన్నది తెలుసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

మాది చదువుకున్న కుటుంబం, చేతులు మురికి చేసుకునే పని మనకెందుకు అన్న భావం పైకి అనకపోయినా చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని నేను గట్టిగా కాదంటాను. పిల్లల ముందు తండ్రో తల్లో పాన పట్టుకుని కూర్చోవడం వాళ్లకు రెండు సంగతులు చెబుతుంది: వస్తువు లోపల ఏముందో తెలుసుకోవచ్చని, మనకు కనపడని మనిషి కోసం కూడా పని చేయాలని. ఆడవాళ్లకు ఇది కష్టమన్న మాటలోనూ పస లేదు. ఇందులో బలంతో పనేమీ లేదు, మిక్సీ జార్ బిగించే చేతికి ఈ హోల్డరు లెక్క కాదు.

కొత్త కార్ల యజమానులు ఇది మాకు వర్తించదంటారు, వాళ్ల వెనక లైట్లు ఎల్‌ఈడీవి. నిజమే, కంపెనీ అమర్చిన ఎల్‌ఈడీ లైటు మంచి ఏర్పాటు. మామూలు బల్బు తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది; ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త సమయం వెనకవాడికి మూడు మీటర్ల పైచిలుకు దూరం. అయితే చాలావాటిలో విడి బల్బు ఉండదు, పోతే మొత్తం లైటు మార్చాలి. అప్పుడు కూడా పోయిందని కనిపెట్టే పని మీదే. ఇక పాత కారుకు షాపులో దొరికే ఎల్‌ఈడీ బల్బు తొడగడం నేను మంచిదనను. ఆ గాజు, దాని వెనక అద్దపు గిన్నె, తీగ ఉండే చోటుకు సరిపడేలా చేసినవి. వెలుగు పుట్టే చోటు మారితే కొన్ని దిక్కుల్లో దీపం మసకబారుతుంది. కొన్నిటిలో రాత్రి లైటుకూ బ్రేక్ లైటుకూ మధ్య తేడా తెలియకుండా పోతుంది, ఆ తేడా పోతే బ్రేక్ లైటు పోయినట్టే. లైటు మీద నల్ల ఫిల్మ్ అంటించడం దీనికంటే చెడ్డది. అందం కోసం 155 మీటర్లను కోసి వేయడం అది.

చూసుకోవడం ఎలా అన్నదే చివరికి అసలు సంగతి, ఎందుకంటే మార్చడం ఒకసారి, చూడటం ఎప్పటికీ. అపార్టుమెంటు సెల్లార్‌లో రాత్రి కారును గోడకు దగ్గరగా వెనక్కి పెట్టేటప్పుడు అద్దంలో చూస్తే మీ లైట్లు గోడ మీద పడుతూ కనిపిస్తాయి. ఇంటికి గోడ లేకపోతే మూసిన షాపు షట్టరు, సిగ్నల్ దగ్గర వెనకున్న కారు బానెట్ కూడా అద్దం లాంటివే. నెలకొకసారి, కరెంటు బిల్లు కట్టే రోజునో, టైర్లలో గాలి చూపించే రోజునో దీన్ని కలిపేసుకుంటే మరిచిపోరు. సంక్రాంతికి, దసరాకు ఊరికి బయలుదేరే ముందు రోజు తప్పనిసరిగా చూడాలి, ఎల్‌బీ నగర్ దాటాక చూసుకోవడానికి చోటు దొరకదు.

ఈ రాత్రి ఇంటికి చేరాక ఇంజిన్ ఆపే ముందు ఒక్క నిమిషం ఆగండి. లైట్లు వేసి గోడ మీద ఎడమా కుడీ రెండు ఎర్ర వెలుగులు పడ్డాయో లేదో అద్దంలో చూడండి. బ్రేకు తొక్కండి, ఆ రెండూ ఇంకా ప్రకాశవంతంగా మారాలి, మధ్యలో మూడోది వెలగాలి. ఒకటి తగ్గితే ఆదివారం దాకా ఆగకండి.